బ్రాంచి లైనుకు ఊరి తోడు

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, ట్రూరో నుంచి ఫాల్మత్ రేవు దాకా దాదాపు 19 కిలోమీటర్ల సింగిల్ లైను ఉంది. మధ్యలో పెన్రిన్ అనే చిన్న స్టేషన్. అక్కడ ప్లాట్‌ఫారం ఒకటే గాని బాగా పొడుగు. ఫాల్మత్ వెళ్లే బండి దాని ఒక కొసన ఆగుతుంది, ట్రూరో వెళ్లే బండి రెండో కొసన. రెండూ లూప్ లైను దగ్గర క్రాసింగ్ చేసుకుని ఎవరి దారిన అవి పోతాయి. ఎటు వెళ్లేవాళ్లయినా ఫుట్‌బ్రిడ్జి ఎక్కే పని లేదు. 2009లో ఈ లూపు వేయకముందు లైను మొత్తానికీ ఒక్క బండే తిరిగేది. అది చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తే గాని ఇంకో ట్రిప్పు లేదు. గంటకు ఒకటి మించి కుదిరేది కాదు. లూపు వేశాక అరగంటకో బండి వచ్చింది. కాలేజీ పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు టైంటేబుల్ చూసుకోవడం మానేసి నేరుగా స్టేషన్‌కు రావడం మొదలుపెట్టారు.

ఆ పనికి 78 లక్షల పౌండ్లు అయింది. అందులో పెద్ద వాటా యూరప్ ప్రాంతీయాభివృద్ధి నిధిది, తర్వాతిది కార్న్‌వాల్ కౌన్సిల్‌ది. పట్టాల యజమాని అయిన నెట్‌వర్క్ రైల్ పెట్టింది చాలా తక్కువ. అంటే, రైల్వే లెక్కల్లో ఎప్పటికీ ముందుకు రాని ఒక పనిని రైల్వే బయటివాళ్లు కదిలించారు. ఆ బయటివాళ్లను ఏళ్ల తరబడి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది డెవన్ అండ్ కార్న్‌వాల్ రైల్ పార్ట్‌నర్‌షిప్ అనే చిన్న సంస్థ. 1990ల మొదట్లో ప్లిమత్ విశ్వవిద్యాలయం ఆసరాతో పుట్టింది. ఇలాంటివి ఇప్పుడు బ్రిటన్‌లో 70కి పైగా ఉన్నాయి. ఒక్కో స్టేషన్‌ను దత్తత తీసుకున్న స్థానిక బృందాలు వెయ్యి దాటాయి. పల్లె రైలు బతకడానికి ఊళ్లు ఏం చేయగలవు, ఏం చేయలేవు అన్న ప్రశ్నకు ఈ ముప్పై ఏళ్ల అనుభవం కన్నా మంచి ఆధారం మరెక్కడా దొరకదు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఈ భాగస్వామ్యాలు రైళ్లు నడపవు. పట్టాలు వాళ్లవి కావు, బండ్లు వాళ్లవి కావు, చార్జీలు పెంచే తగ్గించే అధికారం వాళ్లకు లేదు. పాతబడిన ఆవిరి ఇంజన్లను ముచ్చటగా నడుపుకునే వారసత్వ రైల్వేలు బ్రిటన్‌లో చాలా ఉన్నాయి, అవి వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది రోజూ బడికీ ఆసుపత్రికీ పనికీ జనాన్ని మోసే మామూలు బండి గురించి. ఒక లైనుకు ఒక భాగస్వామ్యం. అందులో జిల్లా స్థాయి కౌన్సిల్, చిన్న ఊళ్ల పారిష్ కౌన్సిళ్లు, రైలు నడిపే కంపెనీ, నెట్‌వర్క్ రైల్, ప్రయాణికుల సంఘం ఉంటాయి. కొన్నిచోట్ల విశ్వవిద్యాలయమో జాతీయ ఉద్యానవనమో తోడవుతుంది. జీతం మీద పనిచేసే అధికారి సాధారణంగా ఒక్కరే, మరీ అయితే ఇద్దరు. మిగతా పనంతా స్వచ్ఛందంగా వచ్చే ఊరివాళ్లది.

ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1963కు వెళ్లాలి. ఆ ఏడాది మార్చి 27న బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు డాక్టర్ రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక విడుదల చేశాడు. 2,363 స్టేషన్లు, ఎనిమిది వేల కిలోమీటర్ల దాకా లైను మూసేయాలన్నాడు. మొత్తం వ్యవస్థలో అది మూడో వంతు. నష్టాలు నిజమే. కానీ ఆ లెక్క తీసిన పద్ధతి చూస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఏ లైనులో ఎంతమంది ఎక్కుతున్నారో 1961 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారం లెక్కగట్టారు. వేసవి సెలవుల్లో సముద్రం ఒడ్డుకు పోటెత్తే జనంతో బతికే లైన్లను ఏప్రిల్ చలిలో తూకం వేశారు. పైగా లండన్ నుంచి వచ్చిన ప్రయాణికుడు చివరి పది కిలోమీటర్లు బ్రాంచి లైనులో వెళితే, మెయిన్ లైనుకు అతను తెచ్చిన ఆదాయంలో బ్రాంచికి దక్కే ఘనత ఏమీ లేదు. కొమ్మ నరికితే మెయిన్ లైను ప్రయాణికుడు కూడా పోతాడని ఆ లెక్క చెప్పలేదు.

కొన్ని లైన్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. కార్న్‌వాల్‌లోని లూ లైను మూతకు రెండు వారాల ముందు, 1966 సెప్టెంబర్‌లో, రవాణా మంత్రి బార్బరా కాజిల్ ఆ ఉత్తర్వు ఆపేసింది. ఆమె తెచ్చిన 1968 రవాణా చట్టమే, నష్టం వచ్చినా సమాజానికి అవసరమైన లైన్లకు ప్రభుత్వం సొమ్ము ఇవ్వాలన్న సూత్రానికి మొదటిసారి చట్టబద్ధత ఇచ్చింది. ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు ఇదేనని నా నమ్మకం. ఊరివాళ్లు ఎంత ప్రేమించినా, సబ్సిడీ అనే పునాది లేకుండా ఏ పల్లె లైనూ నిలవలేదు.

ఆ పునాదిని మళ్లీ కదిలించిన కాలం 1980లు. రైల్వే ఖర్చులపై ప్రభుత్వం వేసిన సర్పెల్ కమిటీ నివేదికలో ఒక ప్రత్యామ్నాయం అయితే దేశం మొత్తానికీ 2,600 కిలోమీటర్ల రైలు మార్గమే మిగిల్చింది. అప్పుడే ఉత్తర ఇంగ్లండులో సెటిల్ – కార్లైల్ లైను మూస్తామని నోటీసు పడింది. 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన పాడైందనీ, బాగుచేయాలంటే భరించలేనంత ఖర్చనీ కారణం చెప్పారు. అభ్యంతరాలు 32 వేల దాకా వెళ్లాయి. వాటిలో ఒకటి రస్వార్ప్ అనే కుక్క పంజా ముద్ర. టికెట్ కొని ప్రయాణించే కుక్క కాబట్టి దాని అభ్యంతరాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. గార్స్‌డేల్ స్టేషన్‌లో దాని కంచు విగ్రహం ఉంది.

కుక్క కథ అందరికీ గుర్తుండిపోయింది. అంతకన్నా గుర్తుంచుకోవలసిన మనిషి రాన్ కాటన్. మూసివేత పనులు సాఫీగా నడిపించమని రైల్వే నియమించిన మేనేజరు ఆయనే. ఆయన చేసిందేమిటంటే, చవక టికెట్లు పెట్టాడు, బండ్లు పెంచాడు, లైను అందాల గురించి ప్రచారం చేయించాడు. ఎప్పుడో మూతపడిన ఎనిమిది చిన్న స్టేషన్లను 1986లో తెరిపించాడు. జనం ఎక్కారు. ఎవరూ ఎక్కడం లేదన్న వాదన కళ్లముందే కూలిపోయింది. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం లైను మూయడం లేదని ప్రకటించింది. లైనును కాపాడాలని జనం పెట్టుకున్న మిత్రమండలి వీధిలో నిలబడి పోరాడింది, రైల్వే లోపలి మనిషి ఒకడు లైనును నిజాయితీగా నడిపి చూపించాడు. ఈ రెండూ కలవకపోతే ఆ వంతెన ఈపాటికి రాళ్లగుట్ట. ఆ లైను కోసం తర్వాత ఏర్పడిన అభివృద్ధి కంపెనీ బండిలో టీ కాఫీల ట్రాలీ నడపడం దాకా చేసింది.

ఉద్యమం మూతను ఆపుతుంది. మర్నాటి నుంచి బండెక్కే జనాన్ని ఎవరు తేవాలి? ఈ రెండో పనికి రూపం ఇచ్చింది పాల్ సాల్వెసన్. రైల్వేలో గార్డుగా పనిచేసిన చరిత్రకారుడు. ప్రైవేటీకరణ ముంచుకొస్తున్న 1993లో ఆయన పల్లె రైళ్ల భవిష్యత్తు మీద ఒక నివేదిక రాశాడు. రైల్వే, కౌన్సిల్, ఊరివాళ్లు ఎవరికి వారు ఎదుటివాళ్ల మీద ఫిర్యాదులు చేసుకునే బదులు, ప్రతి లైనుకూ ఒక శాశ్వతమైన ఉమ్మడి వేదిక కావాలని అందులోని సారం. అదే ఏడాది యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్ నుంచి బార్న్‌స్లీ మీదుగా షెఫీల్డ్ వెళ్లే పెనిస్టోన్ లైనులో అలాంటి వేదిక మొదలైంది. వాటన్నిటికీ తర్వాత ఒక సమాఖ్య వచ్చింది. 2020 నుంచి దాని పేరు కమ్యూనిటీ రైల్ నెట్‌వర్క్. 2004లో ప్రభుత్వ రైలు సంస్థ వీటికోసం ఒక విధానపత్రం తెచ్చింది, 2018లో రవాణా శాఖ దాన్ని కొత్తగా రాసింది. మొదటి పత్రంలో ప్రయాణికుల్ని పెంచాలి, ఖర్చు తగ్గించాలి అన్న మాటలు ముందుంటాయి. రెండోదానికి వచ్చేసరికి ఊరి గొంతు వినిపించడం, ఒంటరివాళ్లనూ వికలాంగులనూ రైలు దగ్గరికి తేవడం, స్థానిక జీవనోపాధి ముందుకొచ్చాయి. పద్నాలుగేళ్లలో ప్రభుత్వం చూపు ఖాతా పుస్తకం నుంచి మనుషుల మీదికి కొంత మళ్లింది.

రోజువారీ పని ఎలా ఉంటుందో టామర్ లోయ లైనులో బాగా కనబడుతుంది. ప్లిమత్ నుంచి గన్నిస్లేక్ దాకా వెళ్లే ఈ లైను బీచింగ్ దెబ్బకు పోలేదు. కారణం, ఆ కొండల్లో సరైన రోడ్డే లేదు. బియర్ ఆల్‌స్టన్ స్టేషన్‌లో బండి ఆగుతుంది. ముందుకు పట్టాలు లేవు. డ్రైవరు దిగి, ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ వెనక పెట్టెకు వెళ్లి కూర్చుంటాడు, బండి వచ్చిన వైపే మళ్లి వేరే కొమ్మ పట్టుకుంటుంది. కాసేపటికి కాల్‌స్టాక్ దగ్గర 12 కమానుల వంతెన మీద, నదికి 120 అడుగుల ఎత్తున, నెమ్మదిగా పోతుంది. 1908లో తెరిచిన ఆ వంతెన రాతిది కాదు, కాంక్రీటు దిమ్మెలది. ఇలాంటి లైనుకు జనాన్ని తేవడానికి భాగస్వామ్యం పట్టుకున్న ఉపాయాల్లో ఒకటి చాలా సాదాది. లైను పొడవునా స్టేషన్ల పక్కనున్న పల్లె పబ్బుల పేర్లతో ఒక మడతకాగితం వేసింది. బండి దిగి, పబ్బులో ఏదైనా తాగి, కాగితం మీద ముద్ర వేయించుకుని, తర్వాతి బండెక్కాలి. సరిపడా ముద్రలు పోగుచేస్తే ఒక టీషర్టు. పబ్బుకు బేరం, రైలుకు టికెట్, కారు ఇంట్లోనే. ఆ పద్ధతి పక్క లైన్లన్నిటికీ పాకింది.

పెనిస్టోన్ లైనువాళ్లది ఇంకో దారి. సాయంత్రం మామూలు సర్వీసు బండిలోనే జాజ్, జానపద సంగీతం పెట్టారు. వాయించేవాళ్లు నడవలో నిలబడతారు, టికెట్ మామూలు టికెట్టే. ఖాళీగా పోయే చివరి బండ్లు నిండాయి. అన్నిటికన్నా నాకు నచ్చేవి మాత్రం ఇంత సందడి లేని పనులు. బండి వచ్చే వేళకు ఊరి బస్సు స్టేషన్ దగ్గర ఉండేలా రెండు టైంటేబుళ్లు కలపడం. పెద్ద పుస్తకంలో వెతుక్కోనక్కర్లేకుండా ఆ ఒక్క లైను వేళల్ని జేబులో పట్టే కాగితం మీద అచ్చువేసి పోస్టాఫీసులో, డాక్టరు గదిలో, కిరాణా కొట్టులో పెట్టడం. ఎన్నడూ రైలెక్కని బడిపిల్లల్ని తీసుకెళ్లి టికెట్ ఎలా కొనాలో, చెయ్యెత్తితేనే బండి ఆగే హాల్టులో డ్రైవరుకు ఎలా సైగ చేయాలో నేర్పడం. వృద్ధులకు, మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్లకు తోడు వెళ్లి ధైర్యం తేవడం. స్టేషన్ దత్తత బృందం పూలతొట్టెలకు నీళ్లు పోస్తుంది, పాత సిగ్నల్ గదికి రంగు వేస్తుంది. చూడ్డానికి ఇవి చిన్న పనులు. కానీ మనుషులెవరూ లేని స్టేషన్‌లో సాయంత్రం ఆరింటికి ఒంటరిగా దిగే ఆడపిల్లకు, ఎవరో రోజూ వచ్చి చూసుకునే చోటుకూ వదిలేసిన చోటుకూ తేడా ఏమిటో తెలుసు.

ఇక్కడే అసలు వాదం మొదలవుతుంది. పూలు పెంచితే లైను బతుకుతుందా?

లండన్ ఉత్తర శివారులో వాట్‌ఫర్డ్ నుంచి సెయింట్ ఆల్బన్స్ వెళ్లే అబీ లైను ఉంది. పది కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, సింగిల్ లైను. 2005లో భాగస్వామ్య లైనుగా మొదటి గుర్తింపు పొందిన వాటిలో ఇదొకటి. చురుకైన ప్రయాణికుల సంఘం ఉంది, చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. బ్రికెట్ వుడ్ స్టేషన్‌లో 1960ల్లో పీకేసిన లూపు మళ్లీ వేస్తే అరగంటకో బండి నడపవచ్చు. ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లకు దక్కింది ముప్పావుగంటకో బండి. ముప్పావుగంట చొప్పున అంటే ఏ గంటలో ఎన్నింటికి వస్తుందో ఎవరికీ గుర్తుండదు. 2009లో దీన్ని ట్రామ్ లైనుగా మార్చి స్థానిక కౌన్సిల్ చేతికిస్తామని ప్రకటించారు, కొన్నేళ్లకు ఆ ఆలోచన వదిలేశారు. పెన్రిన్‌లో ఉన్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి? జనం ప్రేమలో తేడా లేదు. పెన్రిన్ దగ్గర డబ్బు పెట్టగల కౌన్సిల్, పెట్టడానికి ఒక నిధి ఉన్నాయి. భాగస్వామ్యం ఎంత బలంగా ఉన్నా, దాని మాట టైంటేబుల్ రాసేవాడి చెవిన, ఖజానా తాళం ఉన్నవాడి చెవిన పడకపోతే అక్కడితో ఆగిపోతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది, దాని గురించి ఈ రంగంలోవాళ్లు బహిరంగంగా మాట్లాడటం తక్కువ. భాగస్వామ్యానికి జీతభత్యాల డబ్బులో పెద్ద వాటా రైలు నడిపే కంపెనీ నుంచే వస్తుంది. వారం వారం బండ్లు రద్దవుతున్నప్పుడు, రెండు పెట్టెల బండిలో జనం ఊపిరాడక నిలబడుతున్నప్పుడు, ఆ కంపెనీని గట్టిగా నిలదీయడం దాని డబ్బుతో నడిచే అధికారికి కష్టమే. అందుకే చాలా లైన్లలో ఉద్యమ సంఘం వేరుగా, భాగస్వామ్యం వేరుగా ఉంటాయి. ఒకరు అరుస్తారు, ఇంకొకరు కూర్చుని మాట్లాడతారు. ఈ ఏర్పాటు తప్పనిపించదు నాకు. ఇద్దర్నీ ఒకరిగా కలిపేసి పొదుపు చేద్దామనుకున్న చోట అరిచే గొంతు పోతుంది. స్వచ్ఛంద సేవ సంగతి కూడా అంతే. స్టేషన్‌లో ఊరివాళ్లు ఉన్నారు కదా అని టికెట్ గది మనిషిని తీసేస్తే, అది సేవను అడ్డం పెట్టుకుని ఉద్యోగం కోయడమే. పైగా తీరిక, చదువు, పింఛను ఉన్న పెద్దవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో బృందాలు తేలిగ్గా పుడతాయి. రైలు ఎక్కువ అవసరమైన పాత గని పట్టణాల్లో అలా పుట్టవు. సమాఖ్య ఈ లోటును గుర్తించి పట్నపు బస్తీల్లోకీ వెళుతోంది, కానీ దూరం చాలా ఉంది.

మూతపడిన లైనును ఊరివాళ్లు వెనక్కి తెచ్చుకున్న సందర్భాలు తక్కువే అయినా, అవి ఈ చర్చకు వెన్నుదన్ను. స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతంలో వేవర్లీ లైను 1969 జనవరిలో మూశారు. చివరి బండిని న్యూకాసిల్టన్ దగ్గర లెవెల్ క్రాసింగ్ గేటు వేసి ఊరు ఊరంతా అడ్డుకుంది. చర్చి పాస్టరును పోలీసులు అరెస్టు చేశారు. బండిలోనే ఉన్న ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు డేవిడ్ స్టీల్ దిగి సర్దిచెబితే గాని బండి కదల్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1999లో, అక్కడివాళ్లు ఉద్యమ సంఘం పెట్టుకున్నారు. 2015 సెప్టెంబర్‌లో ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా బండి వచ్చింది. మొదటి ఏడాదిలోనే పన్నెండు లక్షలకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి. డెవన్‌లో ఓక్‌హాంప్టన్ లైను 1972లో మూతపడింది. కానీ రాళ్లు మోసే గూడ్సు కోసం పట్టాలు అలాగే ఉంచారు. 1997 నుంచి వేసవి ఆదివారాల్లో జిల్లా కౌన్సిల్ సొమ్ముతో బండి నడిపి జనం అలవాటు చెదరకుండా చూశారు. 2021 నవంబర్ 20న రోజువారీ బండి మొదలైంది. పని అనుకున్న బడ్జెట్ కన్నా తక్కువలో పూర్తయింది. ఇలాంటి లైన్లకోసం పెట్టిన 50 కోట్ల పౌండ్ల నిధిని 2024 జూలైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. వరుసలో ఉన్న ఊళ్ల గుండె జారింది. పట్టాలు పీకేసి ఇళ్లు కట్టిన చోట పునరుద్ధరణ కోట్ల బేరం, పట్టాలు వదిలిన చోట సాధ్యమయ్యే పని. ఎంత నష్టంలో ఉన్నా దారి హక్కును అమ్ముకోకూడదన్నది ఈ రెండు కథల నుంచి ప్రతి రైల్వే నేర్వవలసిన సంగతి.

బ్రిటన్ రైల్వేలు ఇప్పుడు మళ్లీ ప్రభుత్వం చేతికి వస్తున్నాయి. ఒక్కో కంపెనీ ఒప్పందం ముగిసే కొద్దీ గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్ అనే ఒకే గొడుగు కిందికి చేరాలన్నది ఆలోచన. భాగస్వామ్యాలకు ఇది మంచికా చెడుకా అంటే, రెంటికీ అవకాశం ఉంది. పట్టాలూ బండ్లూ ఒకరి చేతిలో ఉంటే మాట్లాడవలసిన తలుపు ఒక్కటే. కానీ ఇన్నాళ్లూ వీళ్లకు డబ్బిచ్చే షరతు కంపెనీల ఒప్పందాల్లో రాసి ఉండేది. ఆ ఒప్పందాలే పోయినప్పుడు ఆ షరతు కొత్త వ్యవస్థలో స్పష్టమైన అక్షరాల్లో ఉండాలి. మౌఖికమైన సద్భావం మొదటి పొదుపు ఉత్తర్వుతోనే ఎగిరిపోతుంది.

జపాన్ దారి దీనికి భిన్నం. అక్కడ ఊళ్లు రైలు పక్కన నిలబడటంతో ఆగలేదు, లైనునే భుజాన వేసుకున్నాయి. 1980 చట్టం కింద జాతీయ రైల్వే నష్టాల లైన్లు 83 వదిలించుకుంది. వాటిలో 45 బస్సులయ్యాయి, 38 రైలుగానే మిగిలాయి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం జిల్లా, పట్టణ ప్రభుత్వాలూ స్థానిక వ్యాపారులూ కలిసి పెట్టుకున్న కంపెనీల చేతికొచ్చాయి. అలాంటి వాటిలో మొదటిది 1984 నాటి సాన్‌రికు రైల్వే. 2011 మార్చి 11 సునామీ ఆ తీరాన్ని ఊడ్చేసింది. అయిదో రోజుకే, మిగిలిన కొద్ది ముక్కలో, వాళ్లు బండి నడిపారు, టికెట్ తీసుకోలేదు. తమవాళ్లను వెతుక్కునేవాళ్లు అందులో వెళ్లారు. లైను పూర్తిగా మళ్లీ కలిసింది 2014 ఏప్రిల్‌లో. వకయామాలో కిషిగవా లైనును పెద్ద కంపెనీ వదిలేసినప్పుడు వేలమంది నివాసులు చందా కట్టి సంఘంగా నిలబడ్డారు, భూమిని స్థానిక ప్రభుత్వాలు కొన్నాయి, నడపడానికి ఇంకో కంపెనీ ముందుకొచ్చింది. 2007లో తామా అనే పిల్లిని స్టేషన్ మాస్టరుగా నియమించడం ప్రపంచమంతా చెప్పుకుంది. పిల్లి తెచ్చిన సందర్శకులు నిజమే. కానీ భూమి కొనే ఒప్పందం లేకపోతే ఆ పిల్లికి స్టేషనే ఉండేది కాదు. జనం తరిగిపోతున్న ఆ జిల్లాల్లో ఇవాళ పరిస్థితి మళ్లీ కఠినంగా ఉంది. 2022లో పశ్చిమ జపాన్ రైల్వే ఏ లైనులో ఎంత నష్టమో బయటపెట్టింది. 2023 నుంచి రైల్వే, ఊళ్లు, కేంద్ర ప్రభుత్వం కలిసి లైను భవితవ్యం తేల్చే మండళ్లకు చట్టం దారి చూపింది. అన్ని లైన్లూ నిలుస్తాయని ఎవరూ అనుకోవడం లేదు. కానీ లెక్కలు ఊళ్ల ముందు పెట్టి మాట్లాడటం అన్నది బీచింగ్ కాలం కన్నా ఎంతో నయం.

మన దగ్గర ఈ ప్రశ్న వేరే రూపంలో ఉంది. భారతీయ రైల్వే లైన్లు మూసేయడం అరుదు. అది హాల్టు తీసేస్తుంది, ప్యాసింజరును ఎక్స్‌ప్రెస్ చేస్తుంది. కోవిడ్ తర్వాత ప్యాసింజరు బండ్లను స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌ల పేరుతో నడిపి కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పై చేస్తే, పాతది తిరిగి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో పాలు, కూరగాయలు, పూలు మోసుకెళ్లే ఎందరో రోడ్డు మీదికి వెళ్లారు. వాళ్లను అడిగి తీసుకున్న నిర్ణయం కాదది.

వరంగల్ జిల్లా నెక్కొండలో జరిగింది ఈ మొత్తం సమీక్షలో నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి. నర్సంపేట ప్రాంతం మొత్తానికీ ఆ స్టేషనే దిక్కు. సికింద్రాబాద్ – గుంటూరు ఇంటర్‌సిటీ హాల్టు నిలవాలంటే టికెట్ల ఆదాయం చూపించాలని రైల్వే షరతు. ఊరివాళ్లు వాట్సాప్ బృందం పెట్టుకుని, చందాలు పోగుచేసి, ఎక్కని బండికి రోజూ టికెట్లు కొన్నారు. 2024 మొదట్లో ఆ వార్త దేశమంతా చదివింది. రాజస్థాన్‌లోని నాగౌర్ జిల్లా జాల్సు నానక్ హాల్టులో అంతకుముందే అలాంటిది జరిగింది. అక్కడ ఊరే టికెట్లు అమ్ముకుని స్టేషన్ నడుపుకుంటోంది. దీన్ని ఊరి పట్టుదల అని మెచ్చుకుని ఊరుకోవడం అన్యాయం. ప్రయాణం చేయని టికెట్‌కు పోసిన ఆ డబ్బును బ్రిటన్‌లో అయితే ఒక అధికారి సగం జీతానికీ, మండలంలో తిరిగే ఆటోల వేళల్ని బండి వేళలతో కలిపే ప్రయత్నానికీ, కాలేజీల్లో పాసుల ప్రచారానికీ వాడేవాళ్లు. నిజమైన ప్రయాణికులు వచ్చేవాళ్లు. మన ఊళ్లలో డబ్బుందీ, మనుషులున్నారు. వాళ్లు కూర్చోవడానికి బల్ల లేదు.

ఉన్నాయి కదా, డివిజనల్ స్థాయి వినియోగదారుల సలహా కమిటీలు అనవచ్చు. ఉన్నాయి. సభ్యులు నామినేట్ అవుతారు, ఏడాదికి కొన్ని సమావేశాలు జరుగుతాయి, ఎక్కడ ఏ బండి ఆపాలో వినతులు ఇస్తారు. డివిజన్ అంటే వందల కిలోమీటర్లు. కాకినాడ టౌన్ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లే 45 కిలోమీటర్ల లైనుకంటూ, దాన్ని మాత్రమే పట్టించుకునేవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండరు. ఆ లైను కథ తెలిస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. అరవై ఏళ్ల తర్వాత, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టబట్టి 2004లో మళ్లీ పరిచారు. అది చూడటానికి ఆయన లేరు. కొన్నేళ్లు ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగింది. బ్రిటన్‌లో కూడా 1980ల్లో పల్లె లైన్లకు బస్సు శరీరాన్ని పట్టాల మీద పెట్టిన పేసర్ బండ్లే దిక్కయ్యాయి, వాటిని జనం తిట్టుకుంటూనే ఎక్కారు, ఆ బండ్లే ఎన్నో లైన్లను దాటించాయి. కోటిపల్లిలో ఆ రైలుబస్సూ నిలవలేదు. గోదావరి పాయలు దాటి నరసాపురం చేరాల్సిన పొడిగింపు 2000లో మంజూరై ఇంకా సాగుతోంది. అది పూర్తయ్యేదాకా ఇప్పుడున్న ముక్కలో రోజుకు ఏ వేళకు బండి కావాలి, ద్రాక్షారామం గుడికి వచ్చేవాళ్లకు ఏ వేళ కుదురుతుంది, రామచంద్రపురం కాలేజీల గంట ఎప్పుడు అన్నవి కాకినాడలో, ఆ లైను పక్క మండలాల్లో మనుషులకు తెలుసు. విజయవాడ డివిజన్ ఆఫీసుకు తెలియవలసిన పనిలేదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. హాల్టుల్లో కమిషన్ మీద టికెట్లు అమ్మే స్థానికుల పద్ధతి మన రైల్వేలో ఎప్పటినుంచో ఉంది. అంటే ఊరిని నమ్మి పని అప్పగించడం రైల్వేకు కొత్త కాదు. ప్రతి బ్రాంచి లైనుకూ ఒక కమిటీ, అందులో మున్సిపాలిటీ, మండల పరిషత్తు, ఆర్టీసీ డిపో మేనేజరు, కాలేజీలు, రైతుబజారు, స్టేషన్ మాస్టరు. ఆ కమిటీ ముందు మూడు నెలలకోసారి ఆ లైను టికెట్ల లెక్క పెట్టాలి. టైంటేబుల్ మార్చే ముందు వాళ్ల మాట రాతపూర్వకంగా తీసుకుని, ఒప్పుకోకపోతే ఎందుకో రాతపూర్వకంగానే చెప్పాలి. బ్రిటన్ ముప్పై ఏళ్లలో పూర్తిగా సాధించలేకపోయింది ఈ చివరిదే. మనం మొదలుపెడితే దీనితోనే మొదలుపెట్టాలి, పూలతొట్టెలు తర్వాత.